కెల్‌విక్‌కి ముగ్గురు కావాలి

మా ఊరి పొలిమేరలో ఉన్న బోర్డు మీద కెల్‌విక్, జనాభా ఇరవై తొమ్మిది అని ఉంటుంది. అది తప్పు. ఇరవై ఏడు. మార్చిలో ఓలాఫ్ పోయాడు. జులైలో బెర్నిస్‌ని కూతురు వచ్చి రెజైనా నగరానికి తీసుకుపోయింది. మిగిలిన ఇరవై ఏడుగురిలో తొమ్మిదిమంది ఎనభై దాటినవాళ్ళు, ఆరుగురు పిల్లలు, నలుగురు ఉత్తరాన గనుల్లో పనిచేస్తూ నెలకి పది రోజులు ఇంటికొచ్చి నిద్రపోయేవాళ్ళు. ఇంక మిగిలింది ఎనిమిదిమంది. అందులో ఒకదాన్ని నేను. నా పేరు వెర్నా కోస్టినిక్. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఊరి కౌన్సిల్ క్లర్కుని.

ఆ అక్టోబరులో కౌన్సిల్ ఎన్నికలకి నాకు ముగ్గురు మనుషులు కావలసి వచ్చారు. ఒక మేయరు, ఇద్దరు సభ్యులు. బుధవారం సాయంత్రం నాలుగు గంటల్లోపల ముగ్గురి నామినేషన్ కాగితాలు నా బల్ల మీదకి రావాలి. రాకపోతే మా ఊరు ఊరు కాకుండా పోతుంది. చుట్టుపక్కల గోధుమ చేలన్నీ ఏ పెద్ద మండలంలో ఉన్నాయో మేమూ అందులో కలిసిపోతాం. నలభై మైళ్ళ అవతల ఎవరో కూర్చుని మా బావి గురించి, మా హాలు గురించి, మా ఆరు వీధిదీపాల గురించి నిర్ణయిస్తారు.

ఇది ఊరికే భయపడి చెప్పే మాట కాదు. నాలుగేళ్ళ కిందట మార్వుడ్ అనే ఊరికి ఇద్దరే దొరికారు. ఒక పూటలో లారీ వచ్చి బోర్డు పీకేసింది. తర్వాత నీళ్ళ పంపు ఆగింది, బాగు చెయ్యడం దండగన్నారు. ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళు డ్రమ్ములతో నీళ్ళు తెచ్చుకోలేరు కదా, ఒక్కొక్కరే కదిలారు. ఇప్పుడు అక్కడ ఒక్క ఇంటి నుంచి మాత్రమే పొగ వస్తుంది. నేను పుట్టింది కెల్‌విక్‌లో. నా మొగుడు వాల్టర్‌ని పూడ్చింది కెల్‌విక్‌లో. నేను బతికుండగా ఆ లారీని మా ఊళ్ళోకి రానివ్వకూడదని పళ్ళబిగువున నిర్ణయించుకున్నాను.

క్లర్కు పోటీ చెయ్యకూడదు. అంటే నేను లెక్కలో లేను. మిగిలిన ఏడుగురిలో పెండర్ అన్నదమ్ములిద్దరికీ ప్రభుత్వమనే మాట వింటేనే ఒళ్ళు మంట. హోటలు నడిపే గార్త్ మధ్యాహ్నం పన్నెండు దాటితే తనమీద తనకే అదుపు లేని మనిషి. రోడెల్‌కి ఇంకా పౌరసత్వం రాలేదు. రోడెల్ భార్య మరివిక్‌కి వసంతంలోనే వచ్చింది. వాళ్ళది ఫిలిప్పీన్స్. వచ్చి ఏడేళ్ళయింది, ఊళ్ళో ఉన్న ఆరుగురు పిల్లల్లో ముగ్గురు వాళ్ళ పిల్లలే. మరివిక్ నన్ను "ఆతే" అంటుంది. వాళ్ళ భాషలో అక్క అని.

నేను అడగడం పూర్తవకముందే మరివిక్ ఒప్పుకుంది. "నిలబడతాను ఆతే. ఈ ఊరు పోతే మళ్ళీ సామాన్లు సర్దాలి. నా వల్ల కాదు, సర్దీ సర్దీ విసుగెత్తింది" అంది.

ఒకరు దొరికారు. ఇంక ఇద్దరే ఉన్నారు: ఒరెస్ట్ బరనిక్, సిగ్రిడ్ టోలెఫ్సన్. ఇద్దరూ గట్టివాళ్ళు, ఇద్దరికీ ఊరంటే ప్రాణం. ఒరెస్ట్‌కి డెబ్బై ఒకటి. ఇప్పటికీ ఆటల రింకులో మంచు పరిచేది అతనే. సిగ్రిడ్‌కి అరవై తొమ్మిది. పాతికేళ్ళు బడి బస్సు నడిపింది, ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఎదురెదురు ఇళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

ముందు సిగ్రిడ్ దగ్గరికి వెళ్ళాను. యాపిల్ పండ్ల తొక్క తీస్తోంది.

"ఒరెస్ట్ ఉంటాడా?" అని అడిగింది, తల ఎత్తకుండానే.

"ఉండాలి. లేకపోతే ముగ్గురు కారు."

"అయితే నేనుండను. నన్ను దొంగ అన్న మనిషి పక్కన కూర్చుని వీధిదీపాల గురించి మాట్లాడమంటావా?"

"అది జరిగి పంతొమ్మిదేళ్ళయింది సిగ్రిడ్."

"నీకు పంతొమ్మిదేళ్ళు. నాకు నిన్న" అని ఇంకో పండు తీసుకుంది.

వీధి దాటి ఒరెస్ట్ ఇంటికి వెళ్ళాను. ట్రాక్టరు కింద నుంచి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఆవిడ ఉంటుందా?" అన్నాయి కాళ్ళు.

"ఉంటే ఏం?"

"అబద్ధమాడి నోరు మూసుకు కూర్చున్న మనిషి పక్కన నిలబడి నేను ప్రమాణం చెయ్యను. ఊరు పోతే పోనీ."

"ఊరు పోతే పోనీ అనకు ఒరెస్ట్."

అతను ట్రాక్టరు కింద నుంచి బయటికి జరిగాడు. "ఆ మాట తప్పే" అన్నాడు తర్వాత. "కానీ చెయ్యను."

అసలు సంగతి చెప్పాలి. మా ఆట మంచు మీద రాయి జార్చే ఆట. కర్లింగ్. నలుగురు ఒక జట్టు. ఒకరు రాయి వదులుతారు, ఇద్దరు దాని ముందు చీపుళ్ళతో మంచు రుద్దుతూ పరిగెడతారు, ఒకరు అవతలి చివర మంచు మీద గీసిన గుండ్రాల దగ్గర నిలబడి దారి చూపిస్తారు. పల్లెటూళ్ళ పోటీల్లో రిఫరీ ఉండడు. జారుతున్న రాయికి చీపురో కాలో తగిలితే, తగిలినవాళ్ళే చెయ్యెత్తి "నాది" అనాలి. ఎవరూ చూడకపోయినా అనాలి. ఆ రాయిని తీసేస్తారు. అంతే. చెయ్యెత్తిన మనిషిని ఎవరూ ఏమీ అనరు. ఎత్తనివాళ్ళని మాత్రం ఎవరూ మర్చిపోరు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఫిబ్రవరిలో, పక్క ఊరు థెల్మాలో, కప్పు కోసం ఆఖరి ఆట. ఆఖరి రాయి ఒరెస్ట్ వదిలాడు. నేనూ వాల్టరూ రుద్దుతూ వెళ్ళాం. రాయి గుండ్రాల్లోకి వచ్చేసరికి అక్కడ దారి చూపిస్తున్న సిగ్రిడ్ కూడా చీపురు పట్టుకుని మాతో కలిసింది. ముగ్గురం రాయి చుట్టూ వంగి ఉన్నాం. నా ఎడమ మడమకి రాయి తగిలింది. బూటు కింద బఠాణీ గింజ పడ్డంత. రాయి ఒక్క పిసరు వంకర తిరిగి సరిగ్గా నడిమధ్యలో ఆగింది. మేం గెలిచాం.

థెల్మా జట్టు నాయకుడు హెక్టర్ మెక్‌ఫెయిల్ అడిగాడు, "ఎవరికైనా తగిలిందా?" అని.

వాల్టర్ చీపురు పైకెత్తి నవ్వుతున్నాడు. అతని రోగం సంగతి డాక్టరు చెప్పి మూడు వారాలయింది. ఆ మూడు వారాల్లో అతను నవ్వడం అదే మొదలు. నా చెయ్యి లేవలేదు. ఇంతకన్నా గొప్ప కారణం నా దగ్గర లేదు.

రాయి అదరడం ఒరెస్ట్ అవతలి చివరి నుంచి చూశాడు. ముగ్గురిలో ఎవరు? వాల్టర్ చావు దగ్గరపడ్డ మనిషి, అబద్ధం ఎందుకాడతాడు? వెర్నా ఊరి క్లర్కు, కామా పోతే కాగితం మళ్ళీ రాసే మనిషి. అంటే సిగ్రిడ్. మర్నాడు పొద్దున్నే ఒక్కడే కప్పు పట్టుకుని థెల్మా వెళ్ళి, "మా సిగ్రిడ్‌కి తగిలింది, ఒప్పుకోలేదు" అని అందరిముందూ ఇచ్చేసి వచ్చాడు. జిల్లా అంతా పాకింది. సిగ్రిడ్ మళ్ళీ మంచు మీద కాలు పెట్టలేదు. ఆ శరదృతువులోనే వాల్టర్ పోయాడు. చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఒకరోజు ఆలస్యమైన మాట రెండోరోజుకి ఇంకాస్త బరువెక్కుతుంది. పంతొమ్మిదేళ్ళకి ఎంత బరువెక్కుతుందో మీరే ఊహించుకోండి.

బుధవారానికి ముందు ఆదివారం మా హాల్లో ఊరి విందు. ఏటా పంట ఇంటికొచ్చాక పెడతాం. మేం ఇరవై ఏడుగురం, తినడానికి వచ్చేవాళ్ళు మూడొందలు. ముప్పై ఆరు టర్కీ కోళ్ళు, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన అన్నం మాంసం, బంగాళదుంప కూరి కజ్జికాయల్లా మడిచి ఉడికించిన పెరోగీలు, టర్నిప్ ముద్ద, వరసగా పిండి పొరల మధ్య పళ్ళు పెట్టి కాల్చిన పైలు. వంటిల్లు చిన్నది. కాలిన కోళ్ళని ఒరెస్ట్ ముక్కలు కోస్తాడు, సిగ్రిడ్ పైలు చూస్తుంది, నేను మధ్యలో దుంపలు ఉడకబెడతాను. పంతొమ్మిదేళ్ళుగా అదే ఏర్పాటు.

"వెర్నా, ఆ మనిషికి చెప్పు, మోచెయ్యి నా పైల మీద పెట్టొద్దని" అంది సిగ్రిడ్.

మోచెయ్యి ఆమెకి జానెడు దూరంలో ఉంది.

"వెర్నా, ఆ మహారాణికి చెప్పు, ఇది వంటిల్లు, రాజమహల్ కాదని" అన్నాడు ఒరెస్ట్.

"మహారాణి అయితే ఇలాంటి పనివాణ్ణి ఏనాడో పంపించేదని చెప్పు."

"పనివాడు పోతే కోళ్ళు ఎవరు కోస్తారో అడుగు. ఆవిడ పైల పెంకుతో కొయ్యొచ్చు, అంత గట్టిగా ఉంది."

పెరోగీలు వారుస్తున్న మరివిక్ నవ్వాపుకోలేక అవతలికి తిరిగింది. మామూలుగా నాకూ నవ్వొచ్చేది. ఆ రోజు రాలేదు. ఇద్దరినీ శనివారం దాకా బతిమాలాను, తిట్టాను, ఉత్తరాలు రాశాను. మార్వుడ్‌కి కార్లో తీసుకెళ్ళి చూపించాను కూడా, ఒక్కొక్కరిని విడివిడిగా. ఇద్దరూ తిరుగు దారిలో ఏడ్చారు. ఇద్దరూ కుదరదన్నారు.

ఇద్దరూ చెరో పక్క వడ్డించడానికి వెళ్ళాక మరివిక్ నా పక్కకి వచ్చింది. "ఆతే, ఒక మాట అడుగుతాను. ఏడేళ్ళుగా ఈ కథ వింటున్నాను. ఒరెస్ట్ ఆవిడ తాకిందంటాడు. ఆవిడ తాకలేదంటుంది. అసలు ఎవరు తాకారు?"

పంతొమ్మిదేళ్ళలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. అందరికీ జవాబు ముందే తెలుసు కాబట్టి.

"నేను" అన్నాను.

ఆమె చేతిలో జల్లెడ అలాగే ఉండిపోయింది. నేను కథంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ దుంపలు కలుపుతూనే ఉన్నాను. చెప్పడం అయ్యేసరికి అవి ముద్దకి కూడా పనికిరాకుండా పోయాయి.

"మా పెద్దపిల్లకి ఆట నేర్పింది మీరే కదా" అంది మరివిక్ మెల్లగా. "పోయిన చలికాలం ఏడుస్తూ ఇంటికొచ్చింది. రాయికి చీపురు తగిలిందని చెయ్యెత్తిందట, ఆట ఓడిపోయారట. మీరు దాన్ని అందరిముందూ మెచ్చుకున్నారని చెప్పింది."

"గుర్తుంది."

"మరి మీరూ ఎత్తండి."

కోపంతో అన్న మాట కాదు. జల్లెడ అందుకో అన్నంత మామూలుగా అంది. సిగ్రిడ్‌కి చెవిలో చెబితే సరిపోతుందా అని ఆలోచించాను. సరిపోదు. పరువు పోయింది అందరిముందూ. అక్కడే తిరిగి రావాలి.

హాల్లోకి వెళ్ళాను. సాయంత్రపు ఎండ పడమటి కిటికీల్లోంచి బల్లల మీద పడుతోంది. రెండో బంతి నడుస్తోంది, నూటయాభై మంది కూర్చుని ఉన్నారు. మూడో బల్ల దగ్గర థెల్మా వాళ్ళు, వాళ్ళ మధ్యలో హెక్టర్ మెక్‌ఫెయిల్. ఎనభై అయిదేళ్ళొచ్చినా పళ్ళెంలో కొండ పెట్టుకున్నాడు. నేను వేదికెక్కి, పాస్టరు ప్రార్థన చెప్పే మైకు ముందు నిలబడ్డాను. వంటింటి ఏప్రను మీద దుంపల ముద్ద అంటుకుని ఉంది.

అందరూ ఎన్నికల గురించి చెబుతాననుకున్నారు. నేను కుడి చెయ్యి పైకెత్తాను.

"పంతొమ్మిదేళ్ళ కిందట థెల్మా రింకులో ఒరెస్ట్ వేసిన ఆఖరి రాయి" అన్నాను. "అది నాది. నా మడమ తగిలింది. హెక్టర్ అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. సిగ్రిడ్ ముట్టుకోలేదు. ఆమె చీపురు మూరెడు దూరంలో ఉంది. ఇన్నేళ్ళూ ఆమె నిజం చెప్పింది, నేను నోరు మూసుకున్నాను."

చెయ్యి దించడం మర్చిపోయాను. మూడొందల కళ్ళు నా చేతి మీదే ఉన్నాయి.

మొదట మాట్లాడింది హెక్టరే. "పంతొమ్మిదేళ్ళు పట్టిందా అమ్మాయ్, ఆ చెయ్యి లేవడానికి? కీళ్ళ మందు వాడాల్సింది!"

కొంతమంది నవ్వారు. వెంటనే ఆగిపోయారు. ఎందుకంటే సిగ్రిడ్ పైల బల్ల దగ్గర నిలబడి ఉంది, చేతిలో కత్తి ఉంది. ఆమె కత్తిని గుడ్డతో తుడిచింది. ఏప్రను విప్పి నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. నా వైపు చూడకుండా, ఎవరి వైపూ చూడకుండా, బల్లల మధ్యనుంచి నడిచి వీధి తలుపులోంచి వెళ్ళిపోయింది. ఒరెస్ట్ ముఖం సున్నం కొట్టినట్టయింది. అతను వంటింట్లోకి వెళ్ళి ఒంటరిగా కోళ్ళు కోస్తూనే ఉన్నాడు. ఎవరో ఇంక చాలన్నా ఆపలేదు.

మర్నాడు సిగ్రిడ్ ఇంటికి వెళ్ళాను. ఆమె దోమతెర తలుపు అవతలే నిలబడింది, గడియ తియ్యలేదు.

"నువ్వు ఎన్నికల కోసం చెప్పావు" అంది. "నాకోసం కాదు."

దానికి అబద్ధం చెబితే ఇంక నేను మనిషినే కాదు. "అవును. ఊరి కోసం చెప్పాను. నీకోసం అయితే ఏనాడో చెప్పాల్సింది."

"నా ఇంట్లో టీ తాగావు. వందల సార్లు తాగావు. నేను ఏడుస్తుంటే వీపు నిమిరావు."

"నిమిరాను."

"ఆ చేత్తోనే కదా?"

ఆమె లోపలి తలుపు కూడా వేసుకుంది. నేను మెట్ల మీద కాసేపు నిలబడి ఆఫీసుకి వచ్చేశాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని ఖాళీ నామినేషన్ కాగితాలు రెండు కవర్లలో పెట్టి, రెండిళ్ళ పోస్టు డబ్బాల్లోనూ పడేశాను. నామీద కోపం వాళ్ళ హక్కు. నాలుగు గంటల గడువు గుర్తుచెయ్యడం నా పని.

మంగళవారం ఆఫీసు కిటికీలోంచి చూస్తుండగా ఒరెస్ట్ వీధి దాటాడు. ఆదివారం వేసుకునే కోటు వేసుకున్నాడు. సిగ్రిడ్ ఇంటి మెట్ల మీద టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. అడవిబాతులు గుంపు గుంపులుగా దక్షిణానికి పోతున్నాయి, ఆ గోలలో ఏమీ వినబడలేదు. తలుపు తెరిచాక కూడా అతను గడప బయటే నిలబడి మాట్లాడాడు. చివరికి ఆమె పక్కకి జరిగింది, అతను లోపలికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అడిగే మొహమూ లేదు.

బుధవారం పొద్దున ఎనిమిదికే ఆఫీసు తెరిచాను. పదకొండుకి మరివిక్ తన కాగితం ఇచ్చింది. "వాళ్ళు?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆరింటిదాకా నాకు పనేం లేదు" అంది. అది అబద్ధం. హోటలు వంటింట్లో ఆమెకి ఆ వేళ పనుంది.

మధ్యాహ్నం మండలం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కుర్రవాడి గొంతు, మర్యాద గల గొంతు. ముగ్గురూ రాకపోతే ఏ కాగితాలు పంపాలో చెబుతానన్నాడు.

"నాలుగు కాలేదు కదా బాబూ" అన్నాను.

"ముందే చెబితే మీకు సులువని..."

"నాకు సులువు అక్కర్లేదు. నాలుగు తర్వాత ఫోన్ చెయ్యి" అని పెట్టేశాను.

మూడుంపావుకి ఒరెస్ట్ వచ్చాడు. కాగితం బల్ల మీద పెట్టాడు. సభ్యుడిగా. ప్రతిపాదించేవాళ్ళు ఇద్దరు సంతకం చెయ్యాలి. ఒకటి మరివిక్ అక్కడికక్కడే పెట్టింది. రెండోది అప్పటికే ఉంది, సిగ్రిడ్ టోలెఫ్సన్. నేను ఆ అక్షరాలు చూస్తూ ఉండిపోయాను.

"సరిచూసుకో" అన్నాడు ఒరెస్ట్. "తప్పులుంటే చెప్పు."

"తప్పుల్లేవు."

"నీ దగ్గర ఆ మాట విని నమ్మడం ఇప్పుడు కష్టం వెర్నా" అన్నాడు. గట్టిగా అనలేదు. "నేను ఒక ఆడమనిషి పరువు తీసింది నీవల్ల కాదు, నా తొందర వల్ల. ఆ తప్పు నాదే. నీది నీదే." అంటూ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

మరివిక్ గోడ గడియారం వంక చూసింది. నేనూ చూశాను. మూడున్నర. మూడూ నలభై. సిగ్రిడ్ ఇంటి తలుపు మూసే ఉంది. సంతకం పెట్టినంత మాత్రాన నిలబడాలని లేదు. ఇద్దరే దొరికితే మార్వుడ్ గతే. మరివిక్ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో తిట్టో నాకు తెలియలేదు.

మూడూ యాభై రెండుకి సిగ్రిడ్ వీధి దాటింది. పాతికేళ్ళు బస్సు నడిపిన మనిషి, గంట కొట్టేలోపల వస్తుంది కానీ మరీ ముందు రాదు. లోపలికి వచ్చి కాగితం నా ముందు పెట్టింది. మేయరు పదవికి. మొదటి ప్రతిపాదకుడు ఒరెస్ట్ బరనిక్.

"నేనెందుకు నిలబడుతున్నానో తెలుసా?" అంది.

"చెప్పు."

"నిన్ను ఆ కుర్చీలోంచి లేపడానికి."

మరివిక్ కుర్చీలోంచి సగం లేచింది. నేను చేత్తో కూర్చోమన్నాను. సిగ్రిడ్ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాను. పుట్టిన తేదీ దగ్గర నెల రాయలేదు.

"ఇక్కడ నెల రాయాలి" అన్నాను. "లేకపోతే చెల్లదు."

ఆమె నా కలం తీసుకుని రాసింది. ముద్ర వేసి, టైము వేసి, సంతకం చేశాను. మూడూ యాభై ఆరు. నాలుగు కొట్టగానే చట్టప్రకారం లేచి నిలబడి మూడు పేర్లూ పైకి చదివాను. పోటీ లేదు కాబట్టి ముగ్గురూ ఎన్నికయ్యారని ప్రకటించాను. విన్నది ఆ ముగ్గురే. ఫోను మోగింది. "కెల్‌విక్‌కి కౌన్సిల్ ఉంది బాబూ" అని చెప్పి పెట్టేశాను.

నవంబరులో మొదటి సమావేశం. బయట మంచు మోకాలి లోతు. ముగ్గురూ ప్రమాణం చేశారు. ఒరెస్టూ సిగ్రిడూ పక్కపక్కనే నిలబడ్డారు. నేను ఎప్పటిలాగే బల్ల చివర మినిట్స్ పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను.

మొదటి తీర్మానం ఒరెస్ట్‌ది. పంతొమ్మిదేళ్ళ కిందట సిగ్రిడ్ టోలెఫ్సన్ మీద తాను చెప్పింది అబద్ధమని ఊరి రికార్డులో రాయాలని, దాని నకలు థెల్మాకి పంపాలని. ముగ్గురూ చేతులెత్తారు. రాశాను.

రెండోది కూడా ఒరెస్ట్‌దే. "నిజం తెలిసి దాచిన మనిషి ఊరి రికార్డు రాయకూడదు. డిసెంబరు ఆఖరుకి క్లర్కుని మార్చాలి."

"చర్చ ఉందా?" అంది సిగ్రిడ్.

"ఉంది!" మరివిక్ బల్ల మీద చరిచింది. "ఆతే ఆ చెయ్యి ఎత్తకపోతే మీరిద్దరూ ఇక్కడ కూర్చునేవాళ్ళా? ఈ బల్ల ఉండేదా? అసలు ఈ ఊరుండేదా?"

"ఉండేది కాదు" అంది సిగ్రిడ్. "ఉంది కాబట్టే, ఊరు చెయ్యాల్సిన పని ఊరు చెయ్యాలి. నాకు ఇష్టమై చెయ్యడం లేదు మరివిక్. ముప్పై ఏళ్ళు నాకు స్నేహితురాలు."

"అయితే చెయ్యకండి."

"మీ అమ్మాయి చెయ్యెత్తి ఆట పోగొట్టుకుంది. దానికి నేనేం చెప్పను?"

మరివిక్ నా వైపు చూసింది. నేను కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. నాకు బాధ లేదంటే అది ఇంకో అబద్ధం. ముప్పై ఒక్క ఏళ్ళ కుర్చీ. అయినా ఆ ముగ్గురినీ అలా వాదించుకుంటుంటే చూడడం ఎంత బావుందో చెప్పలేను. పోయిన కౌన్సిల్ మీటింగుల్లో సగంమంది కునికేవాళ్ళు.

ఓటింగు పెట్టారు. అనుకూలం ఇద్దరు, వ్యతిరేకం ఒకరు.

"రాశావా?" అంది సిగ్రిడ్.

"రాస్తున్నాను."

"చదువు."

నన్ను తీసేస్తూ చేసిన తీర్మానాన్ని పైకి చదివాను. ప్రతిపాదించింది ఎవరు, వ్యతిరేకించింది ఎవరు, అన్నీ. సిగ్రిడ్ తల ఊపింది. కింద 'ఆమోదించబడింది' అని రాసి గీత గీశాను. ముప్పై ఒక్క ఏళ్ళలో అంత అందమైన దస్తూరీతో నేను ఏ తీర్మానమూ రాయలేదు.

"తర్వాత?" అంది మేయరు.

"బావి పంపు" అన్నాను. "చలి ముదిరేలోపల మార్చాలి."